నాయిన పెట్టెలోని మిత్తి నోట్లు

మా నాయిన దేవరకొండ డిపోలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పుడు చేతికొచ్చిన పైసల్లో నా పెండ్లి అప్పులు తీర్చి, ఇంటికి స్లాబు పోయించి, మిగిలింది ఊళ్ళో మిత్తికి, అంటే వడ్డీకి ఇచ్చాడు. నూటికి రెండు రూపాయలు. చుట్టుపక్కల మూడు, ఐదు నడుస్తుంటే ఈయన రెండే తీసుకుంటాడని జనం మంచి మనిషి అనేవారు. నిజంగా మంచి మనిషే. ఆదివారం చర్చిలో వేసే కవరులో మిత్తి పైసలకు కూడా పదోవంతు లెక్కగట్టి వేసేవాడు. ఈ సంగతి తర్వాత పాస్టరు గారికి చెప్తే, నవ్వాలో వద్దో తెలియనట్టు నా ముఖం చూశారు.

2022 వానాకాలంలో నాయిన పోయాడు. ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలు ఎవరిండ్లకు వాళ్ళు పోయాక, అమ్మ బీరువాలోంచి ఒక రేకు పెట్టె తెచ్చి మా ముందు పెట్టింది. లోపల రెవెన్యూ స్టాంపుల మీద సంతకాలు, వేలిముద్రలు ఉన్న ప్రామిసరీ నోట్లు, ఒక పొడుగాటి ఖాతా పుస్తకం, పాత గుడ్డలో చుట్టిన ఒక జత వెండి కడియాలు ఉన్నాయి. అసళ్ళన్నీ కలిపితే తొమ్మిది లక్షల పైచిలుకు తేలింది. ఎవరి దగ్గర వసూలు చేయాలో, ఎవరిని వదిలేయాలో నాయిన ఏమీ చెప్పి పోలేదు.

ఆ పెట్టె సంగతి తేల్చడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది. దేవుని కనికరం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను, సండే స్కూలు పిల్లలకు చెప్పాను కూడా. దాన్ని ఒక్కొక్క కాగితం మీద, పేరు పేరునా, రూపాయల్లో తేల్చుకోవాల్సి రావడం మాత్రం వేరే సంగతి. ఇట్లాంటి పెట్టె మా ఒక్క ఇంట్లోనే ఉండదు కదా అని రాస్తున్నాను.

మేము ఎం.బి. చర్చి వాళ్ళం, అంటే మెన్నోనైట్ బ్రదరన్ సంఘం. 1890 ప్రాంతంలో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు వచ్చి అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పని మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి వైపు స్టేషన్లు పెట్టారు. మా తాత చదువు నేర్చింది మిషన్ బడిలోనే. "ఆ బడి వల్లనే తాతకు లెక్కలొచ్చినయి, ఆ లెక్కల వల్లనే నాయిన కండక్టరైండు, మిత్తి ఖాతా కూడా రాసిండు" అని మా తమ్ముడు ఎగతాళి చేస్తుంటాడు.

పెట్టె తెరిచిన రాత్రే నేను అన్నీ చింపేద్దామన్నాను. తమ్ముడు ఒప్పుకోలేదు. వాడు హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో చేస్తాడు, ఇంటి లోను కడుతున్నాడు. "అక్కా, నీకు కనికరం కలిగింది, మంచిదే. నీ కనికరంల నా వాటా కూడా పోవాల్నా?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. నాయిన పీఎఫ్ పింఛనులో ఆమెకు వచ్చేది మందులకే చాలదు. ఆ మౌనం ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. నా వైపు మాట్లాడతారనుకుంటే ఆయన సమూయేలు రెండో గ్రంథం చివరి అధ్యాయం తీశారు. జనంలో పడిన తెగులు ఆగడానికి దావీదు రాజు బలిపీఠం కట్టాలి. అరౌనా అనే ఆయన తన కళ్ళం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే తీసుకొమ్మంటాడు. దావీదు తీసుకోడు. నాకు ఖర్చు లేని దాన్ని నా దేవునికి బలిగా ఇవ్వనని, యాభై తులాల వెండి ఇచ్చి కొంటాడు. "నీ తమ్ముని వాటా నువ్వు మాఫీ చేస్తే అది అరౌనా ఎడ్లను కోసినట్టే అవుతుందమ్మా" అన్నారు పాస్టరు గారు. ఇంతకుమించి ఏమీ చెప్పలేదు, టీ తాగి పొమ్మన్నారు.

అప్పుడు నాది ఎంతో తెలుసుకోవాల్సి వచ్చింది. దేవరకొండ కోర్టు దగ్గర మాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుందని ఆయన చెప్పాడు. వీలునామా లేకుండా పోతే ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వస్తాయి. కొడుకు, బిడ్డ అనే తేడా లేదు. మేము ఇద్దరమే పిల్లలం కాబట్టి ముగ్గురికీ సరిగ్గా తలో మూడో వంతు.

మా సంఘంలో కూడా చాలా ఇండ్లల్లో, ఆడపిల్లకు పెండ్లిలో పెట్టిందే వాటా అనుకుంటారు. నేనూ అప్పటిదాకా వాటా మాట ఎత్తలేదు. కానీ మాఫీ చేయాలంటే ముందు నాదంటూ ఒకటి ఉండాలి. అందుకే అడిగాను. చుట్టాల్లో కొందరు "తండ్రి పోంగనే ఆస్తి కోసం వచ్చింది" అన్నారు. కాదనడానికి లేదు, ఆస్తి కోసమే వచ్చాను.

వకీలు ఇంకో సంగతి కూడా చెప్పాడు. నోటు రాసిన రోజు నుంచి మూడేండ్లలోపు కోర్టుకు పోవాలి. ఆలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనుక జమ రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ళీ మూడేండ్లు. మా నోట్లలో చాలావాటికి ఆ జమలు లేవు. నాయిన ఖాతా పుస్తకంలోనే రాసుకునేవాడు. అంటే చట్టం లెక్కన సగం నోట్లు అప్పటికే చెల్లని కాగితాలు. చెల్లేవాటి మీద దావా వేసినా, డిక్రీ రావాలంటే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. "అంత ఖర్చు ఎందుకు, ఊళ్ళో కూసొని మాట్లాడుకోండి" అని వకీలే అన్నాడు. ఫీజు కూడా తీసుకోలేదు. వకీళ్ళ గురించి మనం అనుకునేవన్నీ నిజం కాదు.

ఇంటికొచ్చి ఆ మూడేండ్ల గడువు గురించే ఆలోచించాను. మోషే ధర్మశాస్త్రంలోనూ గడువు ఉంది. ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయంలో, ఏడో ఏడు వస్తే బాకీ వదిలేయాలి. ఏడో ఏడు దగ్గర పడిందని బీదవాడికి అప్పియ్యకుండా చెయ్యి బిగించొద్దు అని కూడా అక్కడే ఉంది. చట్టం పెట్టిన గడువు ఎన్నాళ్ళైనా తెగని తగాదాలను ఆపడానికి. దాన్ని వాడుకోవడం మాత్రం తెలివిగలవాడికే తెలుస్తుంది. మోషే పెట్టిన గడువు లేనివాడిని చూసి పెట్టింది. మా నోట్లలో ఈ తేడా మాకు త్వరలోనే కనబడింది.

నోట్లను కుప్పలుగా వేయడం పాస్టరు గారి సలహా కాదు, అమ్మ పని. లేవీయకాండం ఇరవై అయిదులో నీ సహోదరుడు బీదవాడైతే అతని దగ్గర వడ్డీ తీసుకోవద్దు అని ఉంటుంది. నిర్గమకాండంలోనూ బీదవాడనే అంటుంది. నేను అది చదువుతుంటే అమ్మ విని, "అయితే ఆపదకు తీస్కున్నోళ్ళు ఒక దిక్కు, పెట్టుబడికి తీస్కున్నోళ్ళు ఒక దిక్కు పెట్టు" అంది. ఎవరు ఎందుకు తీసుకున్నారో నాయిన పుస్తకంలో లేదు గానీ అమ్మకు అన్నీ గుర్తున్నాయి. ఇది ఆపరేషన్‌కు. ఇది బోరు వేయడానికి, రెండు బోర్లు ఎండిపోయినయి. ఇది ఎరువుల దుకాణంలో సరుకు దింపడానికి. ఇది బత్తాయి తోట కౌలుకు.

రెండు కుప్పల్లోనూ పడనివి పెండ్లి అప్పులు. పెండ్లి ఆపద ఎట్లా అవుతుందని తమ్ముడు. "ఆడపిల్లను కన్నోళ్ళకు తెలుస్తది" అని అమ్మ. కట్నం ఇవ్వొద్దని చర్చిలో చెప్పేదీ మనమే, కట్నం కోసం తెచ్చిన అప్పును ఆపద అనేదీ మనమేనా అని నేను. ఆ వాదన తెగలేదు. పెండ్లి నోట్లు మూడో కుప్పగా మిగిలాయి, అవన్నీ తన వాటాలో వేయమని అమ్మే అంది.

వసూలయ్యే నోట్లు తమ్ముడు తీసుకున్నాడు. మొండి బాకీలు, ఆపద బాకీలు నాకు. కాగితం మీద ముగ్గురివీ సమానమే, విలువలో కాదు. మా ఆయనకు చెప్తే కాసేపు ఊరుకుని, "నీ వాటా, నీ ఇష్టం. పిల్ల ఇంటర్ ఫీజు మాత్రం యాదిపెట్టుకో" అన్నాడు. ఆ మాటకు నేను ఆయన మీద కోపం చేసుకోలేదు. సరైన మాటే అది.

మిత్తి దగ్గర నన్ను పట్టుకున్నది నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం. యెరూషలేము గోడ కడుతున్న రోజులు. కరువులో ధాన్యం కోసం, రాజుకు కట్టాల్సిన పన్ను కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టారు. కొడుకులను, బిడ్డలను దాస్యానికి పంపారు. ఆ మొర విని, వాళ్ళ మీద అధికారిగా ఉన్న నెహెమ్యాకు కోపం వచ్చింది. తీసుకున్న పొలాలు, తోటలు, ఇండ్లు తిరిగి ఇచ్చేయండి, సొమ్ములో ధాన్యంలో నూనెలో తీసుకున్న నూరో వంతు కూడా ఇచ్చేయండి అన్నాడు. నూరో వంతు అంటే నెలకు అని ఎక్కువమంది వ్యాఖ్యానకర్తలు చెప్తారు. అంటే మన లెక్కలో నూటికి రూపాయి. ఆయనకు అంత కోపం తెప్పించిన మిత్తి కన్నా మా నాయినది రెట్టింపు, ఊళ్ళో చూస్తేనేమో తక్కువ. తమ్ముడికి ఫోన్లో చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు.

ఆ అధ్యాయంలో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. నేనూ నా బంధువులూ నా దాసులూ కూడా అప్పులిచ్చాం, ఈ వడ్డీ మానేద్దాం అని నెహెమ్యా తనను కూడా కలుపుకునే మాట్లాడతాడు. పెద్దలు సరే అనగానే వదిలేయడు, యాజకులను పిలిపించి వాళ్ళ ముందు ప్రమాణం చేయిస్తాడు. ఇది చదివాక మేము చేసేది కూడా నోటిమాటగా ఉండొద్దని, మాఫీ చేసిన ప్రతి నోటు మీద ముగ్గురం సంతకం పెట్టి బాకీదారుకు ఇచ్చేయాలని అనుకున్నాం.

మొదట పోయింది తండాకు, వెండి కడియాలు తీసుకుని. అవి ఒక లంబాడి ముసలామెవి. భర్త ఆసుపత్రి ఖర్చుకు కడియాలు కుదువ పెట్టి ఎనిమిది వేలు తీసుకుంది. భర్త దక్కలేదు. నెలకు నూట అరవై మిత్తి మాత్రం తప్పకుండా కట్టింది, అంగడి రోజు వచ్చి ఇచ్చిపోయేది. నోటు లేదు, నాయిన పుస్తకంలో రాసుకున్నదే.

ధర్మశాస్త్రంలో కుదువ గురించి ఒక మాట ఉంది. అప్పిచ్చినవాడు కుదువ వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి పోవద్దు, బయట నిలబడాలి, అతనే తెచ్చి ఇస్తాడు. ఎంత బీదవాడైనా ఆ గడప లోపల యజమాని అతనే. మేము తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికే పోయాం. అయినా అమ్మ, నేను వాకిట్లోనే నిలబడ్డాం. ఆమే లోపలి నుంచి మంచం తెచ్చి వేసింది.

కడియాలు చేతిలో పెడితే తీసుకోలేదు. "ధర్మం చేస్తున్నరా? మీ ఆయనకు బాకీపడి నేను సచ్చిపోవాల్నా?" అంది. ధర్మం కాదు యాడీ (వాళ్ళ భాషలో అమ్మా), నువ్వు కట్టిన మిత్తి లెక్క చూడు అని పుస్తకం తీశాను. నెల నెలా చదవమంది. చదివాను. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆమె మనవడు, ఇంటర్ చదివే పిల్లోడు, ఫోన్లో కూడుకుంటూ పోయాడు. ఏడేండ్లకు పైగా నెలకు నూట అరవై. పదమూడు వేలు దాటింది.

"అంటే అసలు ఎనిమిదే గద మేడం. ఎక్కువ కట్టింది మరి?" అన్నాడు ఆ పిల్లోడు. గట్టిగా కూడా అనలేదు, మామూలుగా లెక్క అడిగినట్టు అడిగాడు.

అమ్మ నా దిక్కు చూసింది. కనికరం చూపించి వద్దామని పోయినవాళ్ళం, బాకీదారులమై వాకిట్లో కూర్చున్నాం. యేసును కలిసిన పన్నుల వసూలుదారు జక్కయ్య కథ ఎన్నిసార్లు చెప్పానో. అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు ఇస్తానంటాడు. నా ఆస్తిలో సగం బీదలకు అని కూడా అంటాడు, ఆ రెండూ కలిపి ఒకే దానం అన్నట్టు మనం చెప్తాం. నాలుగింతలు అనేది దానం కాదు, గొర్రెను దొంగిలిస్తే నాలుగు గొర్రెలు కట్టాలని ధర్మశాస్త్రంలో ఉన్న లెక్క. దానం ఒకటి, తిరిగి కట్టడం ఒకటి. నాయిన దొంగతనం చేయలేదు, ఒప్పుకున్న మిత్తే తీసుకున్నాడు అని మనసులో ఒక వాదన నడుస్తూనే ఉంది. ఆ వాదన తప్పు కూడా కాదు. కానీ బీద సహోదరి దగ్గర తీసుకోవద్దన్నది తీసుకున్నాం, దాని మీద పదోవంతు దేవునికి కూడా ఇచ్చాం. ఎక్కువ వచ్చిన అయిదు వేల చిల్లర తర్వాతి అంగడి రోజు అమ్మ తీసుకుపోయి ఇచ్చింది. ఆ పైసలు తీసుకోవడానికి ముసలామె అసలు మొహమాటపడలేదట. వచ్చేటప్పుడు మాత్రం ఇన్ని పెసలు కొంగులో పోసి పంపింది, అవి వద్దంటే ఊరుకోలేదట.

ఆ తర్వాత ఆపద కుప్ప మొత్తం మళ్ళీ పుస్తకంతో సరిచూశాం. కట్టిన మిత్తి అసలును దాటినవి ఇంకొన్ని బయటపడ్డాయి. వాటికి మాఫీ అనే మాటే వాడలేదు. లెక్క ముట్టింది అని రాసి ఇచ్చాం.

నిజంగా మాఫీ చేయాల్సి వచ్చిన నోటు ఒకటుంది. మా వైపు నుంచి, పాలమూరు వైపు నుంచి పూణె, ముంబై పనులకు పోయేవాళ్ళు ఎంతమందో అందరికీ తెలిసిందే. అట్లా పోయినాయన ఒకతను బిల్డింగు మీది నుంచి పడి నడుము పోగొట్టుకుని మంచంలో ఉన్నాడు. యాభై వేల నోటు, పిల్లకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో వేసినప్పుడు తీసుకున్నది. మిత్తి కొన్నాళ్ళే కట్టాడు, అసలు అట్లాగే ఉంది.

మత్తయి పద్దెనిమిదిలో క్షమించని దాసుని కథ ఉంది కదా. వాడు రాజుకు పదివేల తలాంతులు బాకీ, తోటి దాసుడు వాడికి నూరు దేనారాలు బాకీ. రాజు వాడి బాకీ వదిలేస్తాడు, వాడు మాత్రం తోటివాడిని వదలడు. తలాంతు అంటే ఇంచుమించు ఆరు వేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. ఆరు కోట్ల రోజుల కూలి అంటే ఒక మనిషి లక్షా అరవై వేల ఏండ్లకు పైగా రోజూ పనిచేయాలి. ఈ లెక్క చెప్పి, ఇక నూరు దేనారాలు ఎంత, చిల్లర అని ప్రసంగాల్లో కొట్టిపారేస్తారు. నేనూ సండే స్కూల్లో అట్లాగే విన్నాను. కానీ నూరు రోజుల కూలి చిల్లర ఎట్లా అవుతుంది? ఉపాధి హామీ అని 2005లో చట్టం తెచ్చి ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తానన్నది నూరు రోజుల పనే. మా వైపు కూలి రోజుకు నాలుగైదు వందలు అనుకున్నా నలభై, యాభై వేలు. సరిగ్గా నా చేతిలో ఉన్న నోటంత. యేసు ప్రభువు ఆ మొత్తాన్ని కావాలనే అంత పెట్టాడేమో అనిపించింది. వదిలేసేవాడికి నిజంగానే నష్టం, నిజంగానే నొప్పి. ఆ ఏడాది కొనాలనుకున్న స్కూటీ కొనలేదు. నోటు మీద ముగ్గురం సంతకం పెట్టి ఆయన భార్య చేతికి ఇచ్చాను. ఆమె అది చదవకుండానే రవికెలో దోపుకుని, ఆయనకు టైముకు గోళీ వేయాలని లోపలికి పోయింది. కృతజ్ఞతలు ఏమైనా చెప్తుందేమోనని ఎదురుచూసిన నా మనసును నేనే చూసుకున్నాను.

సంఘ పెద్ద ఒకాయన నోటు అమ్మ వాటాలోది. బిడ్డ పెండ్లికి లక్షన్నర. ఆదివారం కానుకల సంచి పట్టుకుని ఆయన వరుసల మధ్య వస్తుంటే, మా బెంచీ దగ్గర ఆయన చూపు కింద పడేది. పాస్టరు గారితో చెప్పించండని తమ్ముడి సలహా. అదే పద్దెనిమిదో అధ్యాయంలో, ఆ కథకు ముందే ప్రభువు వరుస చెప్పాడు. ముందు నువ్వూ అతనూ ఒంటరిగా మాట్లాడుకోండి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. అమ్మ ఒక్కతే పోయింది. ఆయన ఏడ్చాడట. నాయిన పోయినప్పటి నుంచి ప్రభువు బల్ల, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం ఏదో వంకతో ఊరు దాటి పోతున్నాడట, బాకీ పెట్టుకుని ఆ రొట్టె ఎట్లా తీసుకోవాలని. మిత్తి మొత్తం వదిలేసింది అమ్మ. అసలు నెలకు అయిదు వేల చొప్పున కడుతున్నాడు. అసలు కూడా వదిలేస్తే బాగుండేదేమో అని నేనంటే, "వదిలేస్తే ఆయన మళ్ళీ నా ముఖం చూడలేడు. కడితేనే చూస్తడు" అంది. నాకన్నా ఆమెకే ఈ సంగతులు ఎక్కువ తెలుసు.

పెట్టుబడి కుప్పలో బోరు వేసినాయన, కౌలు తోటాయన మిత్తి తగ్గించమని అడిగి, తగ్గించాక కట్టేశారు. అందరికన్నా ఉన్నవాడు ఎరువుల దుకాణం ఆయన. రెండు లక్షలు. తప్పక వసూలవుతుందని తమ్ముడు ఏరుకుని తీసుకున్న నోటు అది. అదే ఇరుక్కుంది. ఆయనకు మూడేండ్ల సంగతి తెలుసు. నాయిన నమ్మకం మీద జమ రాయించుకోలేదు కాబట్టి నోటు చెల్లదని మొహం మీదే చెప్పాడు. తమ్ముడికి నా మీద కోపం. ఊళ్ళో అందరికీ మాఫీలు చేసుకుంటూ పోయావు, ఇప్పుడు చూడు అని.

నేను కూడా దుకాణానికి పోయాను. నన్ను చూసి ఆయన నవ్వి, "మీరు చర్చికి పోయేటోళ్ళు గద అక్కా, క్షమించాలె" అన్నాడు. బస్తాలు మోసే హమాలీలు కూడా నవ్వారు.

"అన్నా, బైబిల్లో బాకీదారు ముందు రాజు కాళ్ళ మీద పడి బాకీ ఉందని ఒప్పుకుంటడు. కొంచెం ఓర్చుకో, కడత అంటడు. నువ్వు బాకీ లేదంటున్నవు. లేని బాకీని ఎట్ల క్షమించాలె?" అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. తర్వాత తీతు పత్రిక చదువుతుంటే, దేవుడు మన నీతిక్రియలను బట్టి కాక తన కనికరాన్ని బట్టి రక్షించాడన్న చోట మళ్ళీ ఆ దుకాణమే గుర్తొచ్చింది. నా దగ్గర ఏమీ లేదు అని ఒప్పుకున్నవాడికే ఆ వాక్యం పనికొస్తుంది.

చివరికి ఊరి పెద్దమనుషుల్లో కూర్చున్నాం. కాలం చెల్లిన బాకీకైనా కొత్తగా రాసి ఇస్తే అది చెల్లుతుందని వకీలు ముందే చెప్పాడు. మిత్తి లేకుండా అసలుకు కొత్త నోటు రాశాడు. పత్తి అమ్మాక సగం కట్టాడు. మిగతా సగం కోసం తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఈసారి మాత్రం జమ నోటు వెనుకే రాయించుకున్నాడు.

ఈ మాఫీల సంగతి ఊళ్ళో పాకాక కొత్త అప్పుల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మిత్తి లేకుండా ఇస్తారట కదా అని. అమ్మ తనకొచ్చిన పైసల్లో కొంత పక్కన పెట్టి, ఆసుపత్రికని వస్తే పది వేల దాకా ఇస్తోంది. మిత్తి లేదు, కుదువ లేదు, నోటు మాత్రం ఉంది. కడితే జమ నోటు మీదే రాయించాలని నాకు ఆర్డరు. ఈ మధ్య ఒకాయన ట్రాక్టరు కిస్తీకని వచ్చి గంటసేపు వాక్యాలు చెప్పాడు. అమ్మ అంతా విని, మజ్జిగ ఇచ్చి, "ట్రాక్టరు ఆపద కాదు బిడ్డా, బ్యాంకుకు పో" అని పంపించేసింది.